జేబులో పట్టే రికార్డర్ ఉన్నా కచేరీ రికార్డింగ్ ఎందుకు చెడుతుంది?

కచేరీలో మైమరచి విన్న పాటను ఫోన్‌లో రికార్డు చేసుకుని మర్నాడు ఇంట్లో వింటే, అది అదే పాటా అన్న అనుమానం వస్తుంది. బేస్ బొయ్యిమని మోగుతూ ఉంటుంది. గొంతు బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. పక్కవాళ్ల కబుర్లు మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఉంటాయి. ఒకసారి ఇలా అయ్యాక చాలామంది చిన్న డిజిటల్ రికార్డర్ ఒకటి కొంటారు. అక్కడి నుంచి ఇంకో గందరగోళం. 24 బిట్లు చాలా, 32 బిట్ ఫ్లోట్ కావాలా, 48 కిలోహెర్ట్జా, 96 కిలోహెర్ట్జా అన్న లెక్కల్లోనే రోజులు గడుస్తాయి. తీరా మంచి యంత్రం తీసుకెళ్లినా, ఫలితం ఫోన్ కంటే కాస్త మెరుగు అనిపించేంత వరకే ఉంటుంది.

సంక్షిప్తంగా: రికార్డర్లు ఇప్పుడు కచేరీ అవసరాన్ని మించిపోయాయి. మిగిలిన లోపాల్లో ఎక్కువ భాగం శబ్దం రికార్డర్‌లోకి వెళ్లకముందే, అంటే హాల్లోనూ మైకులోనూ పుడుతున్నాయి. అందుకే బిట్ల సంఖ్య కంటే మైకు ఉన్న చోటు, పెద్ద శబ్దాన్ని తట్టుకునే దాని శక్తి ఎక్కువగా ప్రభావం చూపుతాయి. రికార్డు చేయడానికి అనుమతి ఉందా అన్నది వేరే ప్రశ్న. దాని జవాబు కళాకారులను బట్టి, నిర్వాహకులను బట్టి, దేశ చట్టాన్ని బట్టి మారుతుంది.

చెవి చేసే పని మైకు చేయదు

హాల్లో కూర్చున్న మనిషికి రెండు రకాల శబ్దం చేరుతుంది. ఒకటి స్పీకర్ నుంచి నేరుగా వచ్చేది. రెండోది గోడలకు, పైకప్పుకు, నేలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని. వేదికకు దగ్గరగా ఉన్నప్పుడు మొదటిది ఎక్కువ. వెనక్కి వెళ్లే కొద్దీ అది తగ్గిపోతుంది. గోడలు లేని చోట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతుంది. ప్రతిధ్వని మాత్రం హాలంతటా దాదాపు ఒకే స్థాయిలో నిండి ఉంటుంది. ఒక దూరం దగ్గర రెండూ సమానమవుతాయి. అది దాటాక వినేదాంట్లో గది వాటాయే పెద్దది.

అక్కడ కూర్చున్న మనిషికి ఇది పెద్దగా తెలియదు. రెండు చెవులకు అందే తేడాలను బట్టి, కంటికి కనబడే దాన్ని బట్టి మెదడు గాయని గొంతును వెతికి పట్టుకుంటుంది, అనవసరమైన మోతను వెనక్కి నెట్టేస్తుంది. మైకుకు ఆ తెలివి లేదు. దాని పొర మీద ఏది పడితే దాన్ని అదే పాళ్లలో తీసుకుంటుంది. కాబట్టి ఇంట్లో వినిపించే ఆ బొయ్యిమనే శబ్దం రికార్డర్ కల్పించింది కాదు. ఆ రాత్రి హాల్లో ఉన్నదే. విన్నవాళ్ల మెదడు దాన్ని అప్పుడు పట్టించుకోలేదంతే.

ఫోన్ దీనికి తోడు తన ఇబ్బందులు తాను కలుపుతుంది. దాన్ని మనుషుల మాట కోసం తయారుచేశారు. మాట చిన్నదైతే పెంచడం, పెద్దదైతే తగ్గించడం, నేపథ్యంలో ఆగకుండా వచ్చే శబ్దాన్ని అణచడం దాని అలవాటు. సంగీతంలో మెల్లగా మొదలై పెరుగుతూ పోయే భాగం వస్తే ఫోన్ ఆ పెరుగుదలనే చదును చేసేస్తుంది. ఒక్క డ్రమ్ము దెబ్బ పడగానే మొత్తం వాల్యూమ్ కిందికి పోయి, మళ్లీ నెమ్మదిగా పైకి వస్తుంది. ఊపిరి తీసుకుంటున్నట్టు వినిపించే ఆ ఊగిసలాట ఈ సర్దుబాటు వల్లే. చాలా ఫోన్లలో వీడియో యాప్ ఈ సర్దుబాటును ఆపే వీలు ఇవ్వదు. గెయిన్‌ను, అంటే మైకు సంకేతాన్ని ఎంత పెంచాలన్న మోతాదును, చేతితో పెట్టుకోనిచ్చే ఆడియో యాప్ వాడితే, అదే ఫోన్ నుంచి వచ్చే ఫలితం స్పష్టంగా మెరుగుపడుతుంది.

మైనపు గొట్టాల నుంచి మెమరీ కార్డు దాకా

వేదిక మీది సంగీతాన్ని సొంతంగా పట్టుకోవాలన్న తపన పాతదే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో లైబ్రేరియన్‌గా పనిచేసిన లయొనెల్ మేపుల్‌సన్ 1901-03 మధ్య ఎడిసన్ ఫోనోగ్రాఫ్‌తో, రెండు మూడు నిమిషాలకు మించి పట్టని మైనపు సిలిండర్ల మీద ప్రదర్శనలను రికార్డు చేశాడు. వేదిక పైన, చాలా ఎత్తులో ఉండే నడవ నుంచి పట్టిన ఆ శబ్దం గరగరలాడుతూ దూరంగా వినిపిస్తుంది. అయినా అప్పటి గాయకులు నిండు ప్రేక్షకుల ముందు ఎలా పాడేవారో చెప్పే సాక్ష్యం దాదాపు అదొక్కటే. 1947-48లో డీన్ బెనెడెట్టి అనే శాక్సఫోన్ వాద్యకారుడు క్లబ్బుల్లో జాజ్ శాక్సఫోన్ కళాకారుడు చార్లీ పార్కర్ వాదనను రికార్డు చేస్తూ తిరిగాడు. డిస్కు, టేపు ఆదా చేయడానికి పార్కర్ సోలోలు తప్ప మిగతాది చాలావరకు వదిలేశాడు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న ఎంపికను అప్పట్లో యంత్రం పరిమితే నిర్ణయించింది.

1963లో ఫిలిప్స్ తెచ్చిన కాంపాక్ట్ క్యాసెట్ ఈ పనిని సామాన్యుల చేతికి అందించింది. దాని బలహీనత కాపీలో ఉంది. కాపీకి కాపీ తీస్తూ పోతే టేపు బుస పెరుగుతుంది, పై స్వరాలు మొద్దుబారతాయి. నాలుగైదు చేతులు మారిన క్యాసెట్‌లో పాట కంటే బుసే ఎక్కువ. అసలు టేపు ఎవరి దగ్గరుంది, తన కాపీ ఎన్నో తరానిది అన్న ప్రశ్నకు అభిమానుల్లో అంత విలువ రావడానికి కారణం ఇదే.

1987లో సోనీ విడుదల చేసిన డాట్ అనే డిజిటల్ టేపు ఆ లెక్కను మార్చేసింది. 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్, నష్టం లేని కాపీ. సంగీత కంపెనీలు భయపడినది కూడా సరిగ్గా ఆ మూడో గుణానికే. ఫలితంగా అమెరికాలో 1992 నాటి చట్టం ప్రకారం, డిజిటల్ కాపీ నుంచి మళ్లీ డిజిటల్ కాపీ తీయకుండా ఆపే ఏర్పాటును ఇంట్లో వాడే డిజిటల్ రికార్డర్లలో తప్పనిసరి చేశారు. మామూలు శ్రోతల చేతికి డాట్ పెద్దగా చేరలేదు. కచేరీలు రికార్డు చేసేవాళ్లు, అంటే టేపర్లు మాత్రం దాన్ని వదల్లేదు. అదే 1992లో వచ్చిన మినీడిస్క్ జేబులో ఇమిడేంత చిన్నది. కానీ అది శబ్దాన్ని కుదించి దాచేది. పైగా చాలా ఏళ్లపాటు, మైకుతో చేసిన రికార్డింగ్‌ను కంప్యూటర్‌లోకి ఎక్కించాలంటే డిస్కును మొదటి నుంచి చివరి దాకా వాయించక తప్పేది కాదు. గంట కచేరీకి గంట పట్టేది.

2005-06 నాటికి మెమరీ కార్డు మీద 24 బిట్లలో రికార్డు చేసే చిన్న యంత్రాలు వరుసగా వచ్చాయి. మైక్రోట్రాక్, ఎడిరోల్ ఆర్-09, జూమ్ హెచ్4 ఆ తొలి తరానివి. సోనీ తన డాట్ యంత్రాలను ఆపేసింది కూడా 2005లోనే. టేపు చిక్కుకోవడం, తేమకు యంత్రం మొండికేయడం, పాట మధ్యలో టేపు మార్చడం లాంటి ఇబ్బందులన్నీ కొద్ది ఏళ్లలోనే పోయాయి. అంతవరకు సామర్థ్యానికి హద్దు గీసింది రికార్డరే. ఆ తర్వాత హద్దు మైకు వైపు జరిగింది.

లెవెల్ గొడవ: మీటర్ బాగానే ఉన్నా శబ్దం పగిలిపోవడం

డిజిటల్‌లో, మీటర్ మీద గరిష్ఠ స్థాయిని చూపే సున్నా డెసిబెల్ గీత దాటితే క్షమ లేదు. తరంగం పైభాగం కత్తిరించినట్టు చదునైపోతుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. టేపు రోజుల్లో గీత కొద్దిగా దాటినా చెవికి అంత కటువుగా ఉండేది కాదు. టేపు బుస వినపడకూడదంటే లెవెల్‌ను వీలైనంత పైన పెట్టాల్సి వచ్చేది. ఆ పాత అలవాటే ఇప్పటికీ చాలా రికార్డింగులను పాడుచేస్తోంది. ఒక్కో బిట్టు దాదాపు 6 డెసిబెల్స్ విస్తృతిని, అంటే అతి చిన్న, అతి పెద్ద శబ్దాల మధ్య పట్టగల తేడాను, ఇస్తుంది. 16 బిట్లకు 96, 24 బిట్లకు కాగితం మీద 144. వాస్తవంలో మైకు సంకేతాన్ని అంకెలుగా మార్చే మంచి కన్వర్టర్లు కూడా 110 నుంచి 120 దగ్గర ఆగుతాయి. పెద్ద స్పీకర్లతో జరిగే కచేరీలో జనం సద్దుకు, అతి పెద్ద శబ్దానికి మధ్య తేడా సుమారు 40-50 డెసిబెల్సే. అందువల్ల 24 బిట్లలో అతి పెద్ద దెబ్బ కూడా మైనస్ 12 దగ్గరే, అంటే సున్నా గీతకు 12 డెసిబెల్స్ కిందే, ఆగేలా గెయిన్ పెట్టుకుంటే పోయేది ఏమీ లేదు. ఖర్చయ్యేది రెండు బిట్లు. దానికి బదులుగా దొరికేది రాత్రంతా టెన్షన్ లేకుండా పాట వినే వీలు. సౌండ్ చెక్‌లో పెట్టిన లెవెల్ ముఖ్య కళాకారులు వచ్చేసరికి చాలకపోవడం మామూలు విషయమే కాబట్టి ఈ జాగా తప్పనిసరి.

ఇంతకంటే తికమక పెట్టే లోపం ఇంకొకటుంది. మీటర్ మైనస్ 10 కూడా దాటదు, అయినా ఇంట్లో వింటే శబ్దం పగిలి ఉంటుంది. కంప్యూటర్‌లో తరంగం బొమ్మ చూస్తే పైన, కింద గోడ కట్టినట్టు ఒకే ఎత్తులో కోసేసి ఉంటుంది. కారణం గెయిన్ నాబ్‌కు ముందు ఉన్న భాగం. మైకు నుంచి వచ్చిన సంకేతం మొదట ప్రీయాంప్ అనే చిన్న యాంప్లిఫయర్‌లోకి వెళ్తుంది. చాలా చిన్న రికార్డర్లలో గెయిన్ నాబ్ దాని తర్వాతి దశను తగ్గిస్తుంది. ముందు దశలోనే పగిలిన శబ్దాన్ని తర్వాత ఎంత తగ్గించినా అది పగిలిన శబ్దమే. చిన్నగా పగిలినట్టు వినిపిస్తుంది, అంతే తేడా. సెన్సిటివిటీ అని రాసి ఉండే హై-లో స్విచ్‌ను లో మీద పెట్టడం, బయటి మైకులకు బ్యాటరీ బాక్స్ పెట్టి, రికార్డర్‌లో పెద్ద సంకేతాల కోసం ఉండే లైన్-ఇన్‌లోకి ఇవ్వడం దీనికి తెలిసిన మందులు. కాలర్‌కు తగిలించుకునే చిన్న ఎలెక్ట్రెట్ మైకులకు రికార్డర్ ఇచ్చేది కొద్ది ఓల్టులే. 9 ఓల్టుల బ్యాటరీ బాక్స్‌తో నడిపితే అవే మైకులు ఇంకా పెద్ద శబ్దాన్ని పగలకుండా మోస్తాయి. బాక్స్‌లో బేస్ తగ్గించే స్విచ్ ఉంటే ఇంకా మేలు. ప్రీయాంప్‌ను ముంచేది ఎక్కువగా బేసే.

బేస్ సంగతి చెప్పాలంటే డెసిబెల్ లెక్క వెనక ఉన్న ఒక కిటుకు తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద వేదికల కోసం ఇచ్చిన ప్రమాణంలో సగటు శబ్దం 100 డెసిబెల్స్ మించరాదని ఉంది. ఇది 'ఎ' తూకంతో కొలిచిన సగటు. ఆ తూకం, చెవికి తక్కువగా తెలిసే లోతైన బేస్‌ను బాగా తగ్గించి లెక్కేస్తుంది. బేస్‌ను తగ్గించకుండా కొలిస్తే అదే హాల్లో అంకె చాలా పైకి పోతుంది. క్షణకాలం వచ్చే డ్రమ్ము దెబ్బలు సగటుకు ఇంకా పైన ఉంటాయి. ఫోన్లలో ఉండే అతి చిన్న మైకులు సాధారణంగా 120-130 డెసిబెల్స్ మధ్య చేతులెత్తేస్తాయి. అంటే చెవికి భరించదగ్గదిగా అనిపించిన కచేరీలో కూడా మైకు తన హద్దు దగ్గరే ఊగిసలాడుతూ ఉండొచ్చు.

2019 నుంచి జూమ్ ఎఫ్6 లాంటి యంత్రాలతో చేతికందిన 32 బిట్ ఫ్లోట్ గురించిన అపోహ కూడా ఇక్కడే పుడుతోంది. ఈ పద్ధతిలో రెండు కన్వర్టర్లు కలిసి పనిచేస్తాయి. ఒకటి చిన్న శబ్దాలకు, రెండోది పెద్ద శబ్దాలకు. రెండింటినీ కలిపి రాసే ఫైల్‌లో విస్తృతి 1,500 డెసిబెల్స్‌కు పైనే. అంత శబ్దం భూమ్మీద ఎక్కడా ఉండదు. గీత దాటినట్టు కనిపించిన భాగాన్ని ఇంటికొచ్చాక కిందికి దించితే తరంగం చెక్కుచెదరకుండా బయటపడుతుంది. లెవెల్ సరిచూసుకునే అవకాశం లేని చోట ఇది నిజంగా గొప్ప వరం. కానీ అది కాపాడేది కన్వర్టర్ దశనే. మైకు పొర దగ్గరో, మైకు లోపలి సర్క్యూట్‌లోనో శబ్దం పగిలితే, ఆ పగుళ్లను 32 బిట్లలో అతి జాగ్రత్తగా దాచిపెట్టడం తప్ప అది చేయగలిగింది లేదు.

శాంప్లింగ్ రేటు, అంటే సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. 48 కిలోహెర్ట్జ్‌తో 24 కిలోహెర్ట్జ్ దాకా పట్టవచ్చు. మనిషి చెవి 20 దగ్గర ఆగిపోతుంది. పైగా దూరం నుంచి వచ్చేసరికి గాలి పై స్వరాలను కొంత తినేస్తుంది. 96 పెట్టుకుంటే తప్పు లేదు, కార్డు రెట్టింపు నిండుతుంది.

నిలబడిన చోటే సగం రికార్డింగ్

ఒకే హాల్లో, ఒకే రకం యంత్రంతో ఇద్దరు చేసిన రికార్డింగులు వేర్వేరు కచేరీల్లా వినిపించడానికి మొదటి కారణం చోటు. అన్నిటికంటే ముందు వరుస మంచిదనుకోవడం సహజం. పెద్ద వేదికల్లో అది తరచుగా తప్పు. హాలు స్పీకర్లు ముందు వరుస తలల మీదుగా వెనక్కి చూస్తుంటాయి. వేదికకు అంటుకుని నిలబడితే డ్రమ్ములు, గిటార్ యాంప్లిఫయర్లు నేరుగా వినిపిస్తాయి, గొంతు మాత్రం నలిగిపోతుంది. బాగా వెనక్కి పోతే గది మోత మింగేస్తుంది. సౌండ్ ఇంజనీర్ కూర్చునే మిక్సర్ దగ్గర, లేదా దానికి కొంచెం ముందు నిలబడితే, ఆయన ఏ శబ్దం విని సర్దుతున్నారో అదే మైకుకు అందుతుంది. అనుభవం ఉన్న టేపర్లు ఆ చోటు కోసమే ముందుగా వస్తారు.

మిక్సర్ దగ్గర కూడా సరిగ్గా నడిమధ్యే మంచిదనడానికి లేదు. కుడి, ఎడమ బేస్ స్పీకర్ల నుంచి వచ్చే అలలు హాలు మధ్య గీత మీద ఒకేసారి చేరి ఒకదానికొకటి బలమిస్తాయి. సౌండ్ వాళ్లు పవర్ ఆలీ అనే ఆ సన్నని దారిలో బేస్ అతిగా ఉంటుంది. రెండడుగులు పక్కకు జరిగితే చాలాసార్లు బేస్ అదుపులోకి వస్తుంది, స్టీరియో సమతూకం పెద్దగా చెడదు. గోడ పక్కన, మూలల్లో, బాల్కనీ కప్పు కింద బేస్ పేరుకుంటుంది కాబట్టి వాటికి దూరంగా ఉండడం మంచిది.

ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. పై స్వరాలు సూటిగా ప్రయాణిస్తాయి. ముందున్న మనిషి తల వాటిని సులభంగా ఆపేస్తుంది. బేస్ మాత్రం తలలను చుట్టుకుని వచ్చేస్తుంది. మైకు ఛాతీ ఎత్తులో ఉంటే శబ్దం మందంగా, మొద్దుగా ఉండడానికి ఇదే కారణం. అనుమతి ఉన్న చోట స్టాండు మీద తలలకు పైన, రెండు రెండున్నర మీటర్ల ఎత్తున పెడితే స్పీకర్‌కు అడ్డు పోతుంది, చుట్టుపక్కల మాటలు, చప్పట్లు కూడా కాస్త దూరమవుతాయి.

మైకు రకం ఆ తర్వాతి మాట. అన్ని వైపుల నుంచీ సమానంగా వినేది ఓమ్ని. ముందు వైపు ఎక్కువగా వినేది కార్డియాయిడ్. ఇంకా ఇరుకుగా వినేది హైపర్‌కార్డియాయిడ్. ఓమ్ని ఒక మీటరు దూరంలో పట్టే నేరు శబ్దం, ప్రతిధ్వని పాళ్లను కార్డియాయిడ్ 1.7 మీటర్ల దూరంలో, హైపర్ 2 మీటర్ల దూరంలో ఇవ్వగలవు. ప్రతిధ్వని ఎక్కువున్న హాల్లో, వెనక వరుసల్లో ఈ తేడాయే రికార్డింగ్‌ను నిలబెడుతుంది. దానికి తోడు దిశ ఉన్న మైకులు దూరపు శబ్దంలో లోతైన బేస్‌ను కొంత తక్కువగానే తీసుకుంటాయి. స్టూడియోలో లోపంగా లెక్కించే ఈ గుణం మోత ఎక్కువున్న హాల్లో కలిసొస్తుంది. మరోవైపు స్పీకర్లు లేని సంగీతానికి, చక్కటి శ్రవణ గుణం ఉన్న మందిరంలో, ముందు వరుసకు దగ్గరగా పెట్టిన ఓమ్ని జంట ఇచ్చే సహజత్వం వేరే దేనికీ రాదు. ఏ మైకు మంచిదన్న ప్రశ్నకు హాలు చూడకుండా జవాబు లేదు.

రెండు మైకుల మధ్య దూరం, కోణం కలిసి స్టీరియో చిత్రాన్ని తయారుచేస్తాయి. ఫ్రాన్స్ ప్రసార సంస్థ పేరుతో స్థిరపడిన ఓఆర్‌టీఎఫ్ పద్ధతిలో రెండు కార్డియాయిడ్లు 17 సెంటీమీటర్ల దూరంలో, 110 డిగ్రీల కోణంలో ఉంటాయి. ఆ దూరం మనిషి రెండు చెవుల ఎడానికి దగ్గర. హెడ్‌ఫోన్స్‌లో విన్నప్పుడు విశాలంగా అనిపించడానికి అది తోడ్పడుతుంది. చేతి రికార్డర్ల మీద బిగించి వచ్చే ఎక్స్‌వై జత మైకులు ఒకే చోట కలిసి ఉంటాయి. మధ్యలోని గొంతు గట్టిగా నిలుస్తుంది, వెడల్పు తక్కువ. చెవుల దగ్గర పెట్టుకునే బైనారల్ మైకులతో హాల్లో కూర్చున్న భావన అచ్చుగుద్దినట్టు వస్తుంది. అయితే తల తిప్పిన ప్రతిసారీ హాలంతా తిరుగుతుంది. గంటన్నరసేపు తల కదపకుండా ఉండడం చెప్పినంత తేలిక కాదు.

బోర్డు నుంచి నేరుగా తీస్తే?

బోర్డు అని కూడా పిలిచే మిక్సర్ నుంచి తీగ వేసి తీసుకుంటే అంతకు మించినది లేదన్న నమ్మకం గట్టిగా ఉంది. గది మోత ఉండదు, పక్కవాళ్ల మాటలుండవు, నిజమే. కానీ మిక్సర్ నుంచి వచ్చేది కచేరీ మొత్తం కాదు, హాలు స్పీకర్లకు పంపాల్సిన భాగం మాత్రమే. చిన్న హాల్లో డ్రమ్ములు, గిటార్లు వాటంతట అవే గట్టిగా వినిపిస్తాయి కాబట్టి ఇంజనీర్ వాటిని స్పీకర్లలోకి తక్కువగా పంపుతారు. ఆ బోర్డు రికార్డింగ్‌లో గొంతు పర్వతంలా, గిటార్ గుసగుసలా ఉంటుంది. చాలా హాళ్లలో ఈ మిశ్రమం మోనోలోనే ఉంటుంది. జనం స్పందన దాదాపు ఉండదు. అంత బాగా పాడినా ఎవరూ లేని గదిలో పాడినట్టు అనిపిస్తుంది. పెద్ద మైదానంలో ప్రతి వాద్యమూ స్పీకర్ల గుండానే రావాలి కనుక అక్కడ బోర్డు మిశ్రమం సమతూకంగా ఉంటుంది.

అందుకే బోర్డు శబ్దాన్ని, హాల్లోని మైకుల శబ్దాన్ని కలిపే పద్ధతి వచ్చింది. టేపర్లు దాన్ని మ్యాట్రిక్స్ అంటారు. కలపడంలో రెండు చిక్కులున్నాయి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. స్పీకర్లకు 30 మీటర్ల దూరంలోని మైకుకు అది 87 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. బోర్డు తీగలో ఆలస్యం దాదాపు సున్నా. ఆ తేడాను కంప్యూటర్‌లో జరిపి సరిచేయడం తేలికే. రెండో చిక్కు మొండిది. రెండు వేర్వేరు రికార్డర్లు వాడితే వాటి లోపలి గడియారాలు ఒకే వేగంతో నడవవు. పది లక్షల్లో 20 వంతుల తేడా ఉన్నా గంట గడిచేసరికి 72 మిల్లీసెకన్లు తప్పుతాయి. మొదటి పాటలో అతికినట్టున్న డ్రమ్ము దెబ్బ చివరి పాటకు రెండుసార్లు పడినట్టు వినిపిస్తుంది. ఒక ట్రాక్‌ను ఆ మేరకు సాగదీయాలి, లేదా మొదటే నాలుగు ఛానెళ్లున్న ఒకే రికార్డర్‌లో అన్నిటినీ పట్టాలి. రెండో దారి నిద్రలేని రాత్రులను తప్పిస్తుంది.

యంత్రం వైపు మిగిలిన జాగ్రత్తలు చిన్నవే. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో స్టీరియో గంటకు 1 జీబీకి కాస్త పైన పడుతుంది. మామూలు వేవ్ ఫైల్ 4 జీబీ దాటలేదు. కొన్ని యంత్రాలు 2 జీబీకే ఫైల్‌ను విడగొడతాయి. ఆ అతుకు దగ్గర శబ్దం పోతోందో లేదో ఇంట్లోనే ఒకసారి పరీక్షించి చూసుకోవాలి. కొత్త బ్యాటరీలు, ఖాళీ కార్డు, రికార్డింగ్ మొదలయ్యాక బటన్లను బిగించే హోల్డ్ స్విచ్ మరవకూడదు. ఆరుబయట అయితే గాలికి బొచ్చు తొడుగు కావాలి. పోగొట్టుకున్న కచేరీల్లో చాలా వాటికి కారణం రికార్డింగ్ మొదలైందనుకుని పాజ్‌లో వదిలేయడమే. చాలా యంత్రాల్లో రికార్డు బటన్ ఒకసారి నొక్కితే లెవెల్ చూపించడమే తప్ప రాయడం మొదలుకాదు. మీటర్ ఆడుతుంటే పని జరుగుతోందనిపిస్తుంది. చూడాల్సింది సెకన్ల అంకె కదులుతోందా లేదా అన్నది.

అనుమతి: మూడు పొరల ప్రశ్న

కచేరీ రికార్డింగ్ చట్టబద్ధమా అన్నదానికి ఒక్క మాటలో జవాబు రాకపోవడానికి కారణం అందులో హక్కులు ఒకదాని మీద ఒకటి ఉండడమే. పాట రాసి, బాణీ కట్టినవారి హక్కు ఒకటి. వేదిక మీద ప్రదర్శిస్తున్నవారి హక్కు వేరు. తమ ప్రదర్శనను అనుమతి లేకుండా రికార్డు చేయకుండా అడ్డుకునే వీలు ప్రదర్శకులకు ఉండాలని 1961 నాటి రోమ్ ఒప్పందం చెప్పింది. మేధో సంపత్తి హక్కుల మీద కుదిరి 1995లో అమల్లోకి వచ్చిన ట్రిప్స్ ఒప్పందం అదే రక్షణను ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలకు విస్తరించింది. వీటికి పైన, టికెట్ వెనక అచ్చయిన నిర్వాహకుల షరతులు మూడో పొర. కళాకారులు సరేనన్నా హాలు వాళ్లు స్టాండు పెట్టనివ్వకపోవచ్చు. సొంతంగా వినడానికే అన్న వాదన ఈ మూడింటినీ ఒకేసారి తీర్చదు.

ఇదే రికార్డింగ్‌ను కొందరు కళాకారులు దగ్గరికి తీయడం దీనికి మరో పార్శ్వం. అమెరికన్ బ్యాండ్ గ్రేట్‌ఫుల్ డెడ్ 1984 అక్టోబర్‌లో బర్క్‌లీ కచేరీల నుంచి టేపర్లకు ప్రత్యేక స్థలం కేటాయించడం మొదలుపెట్టింది. అప్పటికే టేపర్ల మైకు స్టాండ్లు అడవిలా పెరిగి, మిక్సర్ దగ్గరున్నవాళ్లకు వేదిక కనబడకుండా పోయింది. నిషేధించే బదులు వాళ్లను మిక్సర్ వెనక్కి పంపారు. షరతు ఒక్కటే, డబ్బుకు అమ్మకూడదు. చేతులు మారిన ఆ టేపుల వల్ల కొత్త శ్రోతలు కచేరీలకు వచ్చారు. ఆ బ్యాండ్ ప్రతి రాత్రీ పాటలను మార్చి, కొత్తగా అల్లి వాయించేది. ఒక రాత్రి రికార్డింగ్ ఇంకో రాత్రి టికెట్‌కు పోటీ కాలేదు. ప్రతి ఊళ్లోనూ అదే వరుసలో, అవే మాటలతో ప్రదర్శన ఇచ్చేవారికి ఈ లెక్క ఇలా పనిచేయదు. కళాకారుల మధ్య ఈ విషయంలో కనిపించే భేదానికి మూలం చాలావరకు ఇక్కడే ఉంది.

2002లో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో మొదలైన లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్ అనుమతి ఇచ్చిన కళాకారుల కచేరీలనే తీసుకుంటుంది. ఇప్పుడక్కడ 2 లక్షలకు పైగా రికార్డింగులున్నాయి. 2005 చివర్లో గ్రేట్‌ఫుల్ డెడ్ రికార్డింగులను అక్కడి నుంచి డౌన్‌లోడ్ చేసుకోవడం ఆపేసినప్పుడు అభిమానులు గట్టిగా నిరసించారు. కొద్ది రోజులకే ఒక మధ్యేమార్గం వచ్చింది. ప్రేక్షకులు పట్టినవి మళ్లీ డౌన్‌లోడ్‌కు వచ్చాయి, బోర్డు నుంచి తీసినవి వినడానికే పరిమితమయ్యాయి. శ్రోత మైకుతో పట్టింది శ్రోతల శ్రమ, మిక్సర్ నుంచి వచ్చింది బ్యాండ్ సొత్తు అన్న గీత అప్పుడు స్పష్టంగా పడింది. మరో దారి పట్టినది అమెరికన్ రాక్ బ్యాండ్ పెర్ల్ జామ్. 2000లో చేసిన యాత్రలోని 72 కచేరీలను తానే ఆల్బమ్‌లుగా అమ్మి, దొంగ రికార్డింగులకు ఉన్న గిరాకీని తన వైపు తిప్పుకుంది.

ఇంటికొచ్చాక, ఇకముందు

రికార్డింగ్ అయిపోయాక చేసే సవరణలో సంయమనం ఎక్కువ ఫలితమిస్తుంది. 100 హెర్ట్జ్ చుట్టుపక్కల పేరుకున్న మోతను కొద్దిగా తగ్గించడం, మైకుకు దగ్గరగా పడిన చప్పట్లను మాత్రమే దించడం, పాటలను విడదీయడం చాలు. ప్రతిధ్వనిని పూర్తిగా తుడిచేయాలని చూస్తే గొంతు కూడా దానితో పాటు పలచబడుతుంది. దాచడానికి ఫ్లాక్ ఫార్మాట్ మేలు. ఒక్క బిట్టూ పోకుండా ఫైల్‌ను సుమారు సగానికి తగ్గిస్తుంది. ఎంపీ3లోకి ఒకసారి మార్చి అసలును చెరిపేస్తే పోయింది తిరిగి రాదు.

ఇప్పుడు మార్పు తెస్తున్నది శబ్దాలను విడదీసే సాఫ్ట్‌వేర్. స్టీరియో రికార్డింగ్ నుంచి గొంతు, డ్రమ్ములు, బేస్ వేరుచేసి మళ్లీ కలిపే పని ఇంటి కంప్యూటర్‌లోనే అవుతోంది. మోతలో మునిగిన గొంతును పైకి తేవడానికి ఇది నిజంగా ఉపయోగపడుతోంది. పాత క్యాసెట్లకు ప్రాణం వస్తోంది. అయితే ఈ పద్ధతి, వినిపించనిచోట ఏముండొచ్చో ఊహించి నింపుతుంది. పల్చని లోహపు మెరుపులా, నీటిలోంచి వచ్చినట్టు వినిపించే తునకలు మిగులుతాయి. అంతకంటే పెద్ద చిక్కు నమ్మకానిది. ఆ రాత్రి గాయని నిజంగా అలా పాడిందా, లేక సాఫ్ట్‌వేర్ సర్దిందా అన్నది పదేళ్ల తర్వాత వినేవాళ్లకు తెలియదు. మరోవైపు ఫోన్లను సంచిలో పెట్టి తాళం వేయించే కచేరీలు పెరిగాయి. అవి ఫోన్‌తో పాటు అలాంటి రాత్రికి శ్రోతల వైపు నుంచి మిగిలే ఆధారాన్ని కూడా ఆపేస్తాయి. నిర్వాహకులే రికార్డు చేసి దాచకపోతే ఆ కచేరీ ఇంక ఎక్కడా ఉండదు.

ఈ నమ్మకం సమస్యకు టేపర్ల దగ్గర పాత అలవాటు ఒకటి సిద్ధంగా ఉంది. ప్రతి రికార్డింగ్‌తో పాటు వాళ్లు ఒక చిన్న పాఠ్య ఫైల్ పెడతారు. తేదీ, వేదిక, పాటల వరుస, మైకు రకం, కోణం, నిలబడిన చోటు, రికార్డర్, ఆ తర్వాత కంప్యూటర్‌లో చేసిన ప్రతి మార్పూ వరుసగా అందులో ఉంటాయి. క్యాసెట్ రోజుల్లో ఇది ఎన్నో తరం కాపీ అని చెప్పడానికి పుట్టిన పద్ధతి అది. ఇప్పుడు అదే ఫైల్‌లో గొంతు విడదీసి పెంచామన్న ఒక్క వాక్యం చేర్చి, ముట్టుకోని అసలు ఫైల్‌ను కూడా పక్కనే ఉంచితే, ఏది మైకు విన్నదో ఏది తర్వాత చేర్చిందో వినేవాళ్లు పోల్చి చూసుకోగలుగుతారు.